చీటీలో రాని మాట

మొన్న మా అపార్ట్‌మెంట్ ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక వీడియో పెట్టారు. ఏదో బడి వార్షికోత్సవం. పదమూడు పద్నాలుగేళ్ల పిల్ల మైకు పట్టుకుని వాళ్లమ్మ కాలి పగుళ్ల గురించి మాట్లాడుతోంది. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతోంది, ఎక్కడ గొంతు తగ్గించాలో అక్కడ తగ్గిస్తోంది. మధ్యలో కెమెరా ముందు వరుసలో కూర్చున్న తల్లి మీదికి వెళ్లింది. ఆవిడ నవ్వాలో ఏడవాలో తెలియని ముఖంతో, చీర కుచ్చిళ్లు మెల్లగా కిందికి లాక్కుంటూ పాదాలు దాచుకుంటోంది. కింద వరసగా చప్పట్ల బొమ్మలు, కన్నీళ్ల బొమ్మలు. మా పై ఫ్లాటావిడ, "మేడం, మీరు ఈ విద్యలో పండిపోయినవారు కదా, చూసి నాలుగు మాటలు రాయండి" అని నా పేరు పెట్టి మరీ అడిగింది. నేను ఫోన్ తీసుకెళ్లి ఫ్రిజ్ మీద పెట్టేసి, అవసరం లేకపోయినా చింతపండు ముందేసుకుని గింజలు తీస్తూ కూర్చున్నాను. సాయంత్రం దాకా ఫోన్ ముట్టుకోకపోతే మా ఆయన నాకేదో జబ్బు చేసిందనుకున్నారు.

పండిపోయిన మాట నిజమే. సారపాకలో ఒక జూనియర్ కాలేజీలో తెలుగు చెప్పేదాన్ని. మాది పెనుబల్లి వైపు పల్లె. నా మాటలో కొంచెం కృష్ణా జిల్లా యాస తగులుతుందని పిల్లలు నన్ను వెనకనుంచి 'అండీ మేడం' అనేవాళ్లట. కాలేజీకి ఆటస్థలం లేదు. ఉన్న కాస్త జాగాలో ప్రిన్సిపాల్ గారి స్కూటరు, విరిగిన బెంచీలు ఉండేవి. మిగతా కాలేజీలు కబడ్డీలోనో ఖోఖోలోనో కప్పులు తెస్తుంటే మా ప్రిన్సిపాల్ గారికి కడుపు రగిలిపోయేది. ఒకరోజు నన్ను పిలిచి, "మేడం, మాటలకు గ్రౌండ్ అక్కర్లేదు కదా, ఖర్చు కూడా ఉండదు. వక్తృత్వంలో పిల్లల్ని తయారు చేయండి" అన్నారు. ఆ విధంగా, స్థలాభావం వల్ల, నేను ఉపన్యాస కళలో ఆచార్యురాలినయ్యాను.

మొదట్లో నాకే ఏమీ రాదు. పోటీలకు వెళ్లి, గెలిచిన వాళ్లు ఏం చేస్తున్నారో చూసి నేర్చుకున్నాను. తర్వాత నా సొంత పద్ధతులు కొన్ని కనిపెట్టాను. మా తరగతి గది కిటికీలు రోడ్డు వైపు ఉండేవి. ఊళ్లోని కాగితం మిల్లుకు వెదురు, జామాయిల్ కర్ర తోలే లారీలు రోజంతా పోతూనే ఉండేవి. కొత్త పిల్లలు లారీ రాగానే గొంతు పెంచి అరిచేవాళ్లు. "లారీతో పోటీ పడకు తల్లీ, అది గెలుస్తుంది. అది పోయేదాకా ఆగు. నువ్వు ఆగితే ఎందుకాగావా అని సభంతా నీ వైపు వంగుతుంది" అని చెప్పేదాన్ని. అలా మా పిల్లలకు నిశ్శబ్దం వాడుకోవడం లారీలే నేర్పాయి. ఎదుటి పక్షం వాదాన్ని వాళ్లకంటే మర్యాదగా నువ్వే ముందు చెప్పు, తర్వాత దాన్ని విప్పు. బరువైన మాట దగ్గర గొంతు దించు. సభలో ఒక్క ముఖాన్ని ఎంచుకుని ఆ ముఖానికే చెప్పు. ఇవన్నీ బోర్డు మీద రాయించేదాన్ని. అన్నిటికంటే పెద్ద మంత్రం చివర రాయించేదాన్ని: 'ఇంట్లోంచి ఒకటి తెచ్చుకో.' లెక్కలు, పేపర్లో చదివిన విషయాలు ఎవరైనా చెబుతారు. మీ ఇంట్లో మాత్రమే ఉన్నది, ఇంకెవరి దగ్గరా లేనిది ఒక్కటి చెప్పు, సభ నీదైపోతుంది అనేదాన్ని. అదే నోటితో పక్క పీరియడ్‌లో 'ఇంటిగుట్టు లంకకు చేటు' అన్న సామెతకు అర్థం రాయించేదాన్ని. రెండూ ఒకే నోటి నుంచి వస్తున్నాయని నాకు తోచలేదు, పిల్లలూ అడగలేదు.

ఏ పక్షాన మాట్లాడాలో చీటీల్లో తేలేది. సుద్దముక్కల డబ్బాలో 'కావాలి', 'వద్దు' అని రాసిన చీటీలు వేసి తీయించేదాన్ని. నీకేమనిపిస్తుందన్నది పక్కన పెట్టి, చీటీలో వచ్చిన పక్షాన నిలబడి గెలవడమే విద్య అని నా నమ్మకం. ఆ నమ్మకం మీద నాకు గర్వం కూడా ఉండేది. దానికి తగ్గట్టే ప్రిన్సిపాల్ గారి బీరువా మీద కప్పులు పెరిగాయి. వాటి మధ్య ఆయన టిఫిన్ డబ్బా కనపడక వెతుక్కునేవారు.

ఆ ఏడు మా కాలేజీలోనే చుట్టుపక్కల కాలేజీలన్నిటికీ పోటీ పెట్టారు. 'తాతల నాటి వృత్తులు ఇంకా కొనసాగించాలా?' అన్నది విషయం. మా తరఫున నేను ఎంచుకున్న అమ్మాయి దూది ఏకి పరుపులు కుట్టే సాయిబుల ఇంటిపిల్ల. మెయిన్ రోడ్డు మీదే వాళ్ల దుకాణం, వెనక రెండు గదుల ఇల్లు. తరగతిలో పెద్దగా మాట్లాడేది కాదు. జడలో ఎప్పుడూ ఒక దూది పోగు ఉండేది, పక్క పిల్లలు తీసి పారేసేవాళ్లు. కొంచెం జీర గొంతు. ఆ గొంతుకు పనికొచ్చే మాట దొరికితే సభ కదలకుండా ఉండదని నాకు అనిపించింది. చీటీ తీస్తే 'వద్దు' వచ్చింది. అంటే తాతల నాటి వృత్తులు మానేయాలని ఆ పిల్ల వాదించాలి. నాకు సంబరమేసింది. పరుపులు కుట్టే ఇంటిపిల్లే వృత్తి వద్దంటే అంతకంటే ఏం కావాలి?

రాసుకొచ్చిన ఉపన్యాసం మాత్రం చప్పగా ఉంది. యంత్రయుగం, ప్రపంచీకరణ, మారుతున్న కాలం. నేను ఆ కాగితం మడిచి చేతికిచ్చి, "ఇందులో మీ ఇల్లేదమ్మా?" అన్నాను. మర్నాడు కాలేజీ వదిలాక తలుపు దగ్గర నిలబడి, "ఒకటుంది మేడం. చెప్పొచ్చో లేదో తెల్వదు" అంది. చెప్పింది. "ఇది ఇంకెవరికైనా తెలుసా?" అని అడిగాను. "మా అమ్మకు గూడ తెల్వదు మేడం" అంది. అంతే, బంగారం దొరికినంత సంతోషం నాకు. ఇదే చెప్పు, చివర చెప్పు, గొంతు దించి చెప్పు అన్నాను. ఆ పిల్ల కాసేపు దుపట్టా కొస నలుపుకుని, "ఆ రోజు నాన్న గూడ వస్తడు గదా మేడం" అంది. వస్తే ఇంకా మంచిది, ఆయన ముఖమే చూస్తూ చెప్పు అన్నాను. సిగ్గుపడాల్సిన మాట నేనే ఎంత తేలిగ్గా అనేశానో తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

పోటీ రోజున వాళ్ల నాన్నను ముందు వరుసలో నేనే కూర్చోబెట్టాను. సన్నటి మనిషి. ఎప్పుడూ మూతికి తువ్వాలు కట్టుకుని దూది మధ్య కనిపించే ఆయన్ని, నున్నగా దువ్విన తలతో చూసి పోల్చుకోలేకపోయాను. ఇస్త్రీ మడత చెదరకుండా కూర్చోవడానికి అవస్థ పడుతున్నాడు. ఆ అమ్మాయి స్టేజీ ఎక్కింది. నేర్పినవన్నీ నేర్పినట్టు చేసింది. వృత్తి గొప్పతనం ముందు మర్యాదగా చెప్పింది, తర్వాత విప్పుకుంటూ వచ్చింది. చివరికి ఆగింది. వాళ్ల నాన్న వైపు చూసింది. "మా ఇంట్లో దూది ఏకే మిషన్ తిరుగుతోందంటే పని జరుగుతోందని మీరందరూ అనుకుంటారు. ఒక్కోసారి ఆ మిషన్‌లో దూది ఉండదు. మా నాన్నకు దగ్గు తెర వచ్చినప్పుడు, మాకు వినపడకూడదని ఉత్తి మిషన్ ఆన్ చేస్తాడు. చిన్నప్పుడు ఒకరోజు తలుపు సందులోంచి చూశాను. అప్పటినుంచి మిషన్ చప్పుడైతే నేను చదువు ఆపేసి లోపల దూది ఉందో లేదోనని చూస్తాను. ఈ వృత్తి నా తమ్ముడికి వద్దు" అని దండం పెట్టి దిగింది.

హాలు హాలంతా చప్పట్లు. వెనక కూర్చున్న వాళ్లు, ఈ పిల్ల తండ్రి ఎవరా అని లేచి మరీ ముందుకు చూశారు. న్యాయనిర్ణేతగా వచ్చిన ప్లీడరు గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. నేను వాళ్ల నాన్న ముఖం వైపు చూశాను. ఆయన కూడా చప్పట్లు కొడుతున్నాడు. అందరూ ఆపేశాక కూడా ఇంకాసేపు కొట్టాడు. ప్లీడరు గారు వచ్చి ఆయన చేయి పట్టుకుని, అదృష్టవంతుడివయ్యా అంటే తల ఊపాడు. మొదటి బహుమతి మాకే వచ్చింది. టీ బిస్కట్ల దగ్గర వెతికితే ఆయన కనపడలేదు. ఏదో పని ఉండి ఉంటుందిలే అనుకున్నాను.

తర్వాతి వారం ఆ అమ్మాయి స్టాఫ్ రూముకు వచ్చింది. కళ్లు వాచి ఉన్నాయి. "నాన్న దుకాణం తెరుస్తలేడు మేడం" అంది. పెళ్లిళ్ల కాలం. పెళ్లి పరుపులకు ఆర్డర్లున్నాయి, బూరుగు దూది బస్తాలు వచ్చి పడి ఉన్నాయి. ఆయన మాత్రం సగం షట్టరు దించుకుని ఊరికే కూర్చుంటున్నాడట. ఇంట్లో గొడవలేం లేవు, తిట్టిందీ లేదు, మాట్లాడుతూనే ఉన్నాడు. "నేను వద్దన్ననని మానేసిండు మేడం. అది పోటీ అని, చీటీల వస్తే చెప్పిన్నని ఎన్ని తీర్ల చెప్పినా ఇంటలేడు. మీరు జర వచ్చి చెప్పుండ్రి. మీరు చెప్తే ఇంటడు" అంది. ఇల్లు గడిచేది ఆ మిషన్ మీదే. ఇంటర్ అయ్యాక ఆ పిల్ల చదువు సాగాలన్నా ఆ మిషనే తిరగాలి.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆ పిల్ల అలా ఏడుస్తుంటే నాకు జాలి కలిగింది, నిజమే. దాని అడుగున ఎక్కడో కాస్త గర్వం కూడా కదిలింది. ఒక్క ఉపన్యాసంతో ఒక మనిషి తాతల నాటి పని మానుకున్నాడంటే, నేర్పింది ఎంత గట్టిగా నేర్పానో చూడు అనుకున్నాను. మనిషి బుద్ధి ఎంత చిన్నదో తెలుసుకోవడానికి ఇలాంటి సందర్భాలు చాలు. సాయంత్రం వాళ్ల దుకాణానికి నడుస్తూ దారి పొడుగునా నా ఉపన్యాసం తయారు చేసుకున్నాను. ముందు ఆయన మాట ఆయనకంటే బాగా చెప్పాలి, తర్వాత మెల్లగా విప్పాలి, చివర పిల్ల చదువు దగ్గర గొంతు దించాలి. పద్ధతులు పద్ధతులే కదా, తండ్రి మీద కూడా పనిచేస్తాయనుకున్నాను.

ఆయన స్టూలు తుడిచి వేశాడు. పక్క హోటలు నుంచి టీ తెప్పించాడు. మూలన మిషన్ మీద పాత దుప్పటి కప్పి ఉంది. నేను అనుకున్నదంతా అనుకున్న వరుసలో చెప్పాను. పోటీ అంటే ఏమిటో, డబ్బాలో చీటీలు ఎలా వేస్తామో, ఆ పిల్లకు 'కావాలి' వచ్చి ఉంటే ఇంతకంటే గొప్పగా వృత్తిని మెచ్చుకుని ఉండేదని, అక్కడ చెప్పేవన్నీ మనసులో మాటలు కావని చెప్పాను. ఆయన ఎక్కడా అడ్డు తగల్లేదు. నేను ఆపాక టీ గ్లాసు పక్కన పెట్టి, "అవ్ మేడం, బిడ్డ గూడ గట్లనే చెప్పింది. వద్దు అనేది చీటీల వచ్చింది. సరే. మిషన్ సంగతి గూడ చీటీలనే వచ్చిందా?" అన్నాడు.

నా దగ్గర ఇన్ని పద్ధతులుండి కూడా ఒక్కటీ అక్కరకు రాలేదు. అది నేనే చెప్పమన్నాను అన్నాను చివరికి. అమ్మాయి చెప్పొచ్చా అని అడిగితే చెప్పమన్నది నేనే, మిమ్మల్ని ముందు కూర్చోబెట్టింది కూడా నేనే అన్నాను. కోప్పడతాడేమో, నాలుగు తిడితే బాగుండునేమో అనుకున్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "మీ తప్పేం లేదు. మంచిగ మాట్లాడింది. అందరు ఏడ్చిండ్రు. నాకు గూడ ఏడుపొచ్చింది, ఎవరో పాపం అనుకుంట విన్న. జర సేపటికి గానీ నేనే అని సమజ్ కాలే" అన్నాడు. తర్వాత దుప్పటి కప్పిన మిషన్ వైపు చూపించి, "దుకాణం మానేద్దామని కాదు మేడం. తెల్లారి ఎప్పటిలెక్కనే స్విచ్ ఏసిన. దూది ఏస్తున్న, పనే చేస్తున్న. మా ఆమె చెంబుతోటి నీళ్లు పట్టుకొని ఉరికొచ్చింది. పిలగాడు వచ్చిండు. పక్కన చెప్పుల షాపాయన గూడ తొంగి చూసిండు. ఇగ ఎప్పుడు ఆన్ చేసినా గిట్లనే. పని చేస్తున్ననా, దగ్గుతున్ననా అని అందరికి అనుమానమే. ఇన్నేండ్లు నాకు గా చప్పుడే సాటు. అది పోయింది" అన్నాడు.

లోపలి గది గుమ్మంలో ఆ అమ్మాయి నిలబడి వింటోంది. అప్పటిదాకా తన వాదన తండ్రిని ఒప్పించిందనే ఆ పిల్ల కూడా అనుకుంది, నేనూ అనుకున్నాను. ఆయన్ని ఎవరూ ఏమీ ఒప్పించలేదు. తలదాచుకునే చోటు ఒకటి ఉంటే, దాన్ని మేమిద్దరం కలిసి జనం ముందు విప్పి పెట్టాం. టీ చల్లారిపోయింది. ఎలా లేచానో, ఏం చెప్పి బయటపడ్డానో గుర్తు లేదు.

మిషన్‌ను తల్లాడ ఊరి ఆయనెవరో కొనుక్కుపోయాడు. దుకాణంలో ఫ్యాక్టరీ పరుపులు, ప్లాస్టిక్ కవర్లలో చుట్టినవి తెచ్చి నిలబెట్టారు. మిల్లు కాంట్రాక్టు కూలీలు గదులు కిరాయికి తీసుకుని అవే కొనుక్కుపోయేవాళ్లు. ఇల్లు గడిచింది, పిల్ల చదువూ ఆగలేదు. దూది దుమ్ము లేకపోవడంతో, దవాఖానలో చూపించుకోవడంతో ఆయన దగ్గు కూడా చాలా వరకు తగ్గిందట. మా ఆయన నేను దిగులుగా ఉన్నప్పుడల్లా ఈ సంగతే ఎత్తుతారు. "గదేంది, మంచే అయింది గదా. నువ్వు చెప్పియ్యకపోతే ఆ మిషన్ దగ్గరనే కూలబడేటోడు" అంటారు. వాదనగా చూస్తే దానికి జవాబు లేదు. చర్చాపోటీలో అయితే నేనే ఆయనకు మొదటి బహుమతి ఇచ్చి ఉండేదాన్ని. కానీ ఒప్పుకున్న వాదన వల్ల సిగ్గు తగ్గదని నాకు ఆ ఏడే తెలిసింది. తర్వాత కూడా పిల్లలకు ఉపన్యాసాలు నేర్పాను, ప్రిన్సిపాల్ గారు వదల్లేదు. బోర్డు మీద ఆ చివరి మంత్రం మాత్రం రాయించలేదు. మాకు మళ్లీ కప్పులు రాలేదు. యంత్రయుగం, ప్రపంచీకరణ అనే పిల్లలకు ఎవరిస్తారు?

కిందటి చలికాలం భద్రాచలంలో మందుల కోసం ఒక షాపుకు వెళితే, కౌంటర్ వెనక తెల్ల కోటులో ఆ అమ్మాయి. ఫార్మసీ చదివిందట, పెళ్లయింది, ఒక కొడుకు. నన్ను చూడగానే బయటికి వచ్చి కుర్చీ వేసింది. నాన్న ఎలా ఉన్నారని అడిగాను. బాగున్నాడంది. నేను ఎన్నాళ్లుగానో అడగాలనుకున్నది అడిగాను: నీతో మామూలుగా ఉంటాడా అని. ఆ పిల్ల మందుల కవరు చేతిలో అటూ ఇటూ తిప్పుకుంది. "మాట్లాడుతడు మేడం. నవ్వుతడు, నా కొడుకును ఎత్తుకుంటడు. దేనికీ తక్కువ చెయ్యడు. గానీ ఎండకాలం బనీను మీద కూసుంటడు గదా, నేను గేటు తీసిన చప్పుడైతే చాలు, లేచి చొక్కా తొడుక్కుంటడు. అమ్మ ముందల తొడుక్కోడు, తమ్ముని ముందల తొడుక్కోడు, మా ఆయన ముందల గూడ బనీను మీదనే ఉంటడు. నేనొస్తేనే" అంది. చెప్పేటప్పుడు ఎక్కడా ఆగలేదు, గొంతు దించలేదు. మందులు చేతికిచ్చి, భోజనం చేశాకే వేసుకోమని చెప్పి లోపలికి వెళ్లిపోయింది.

కాలం మనుషుల మధ్య దూరాలను చెరిపేస్తుందని ఎన్ని వ్యాసాల్లో ఎంతమంది పిల్లల చేత రాయించానో. ఆ ఇంటి గుమ్మం దగ్గర ఇన్నేళ్లలో అది ఒక్క చొక్కా గుండీ కూడా విప్పలేకపోయింది.